కొండయ్య తాత తువ్వాల

మా మనవరాలు ఒంగోలులో వకీలు. మొన్న ఆదివారం వచ్చినప్పుడు చెప్పులు విప్పీ విప్పకముందే, "అమ్మమ్మా, కోర్టుల్లో మంచి పద్ధతి ఒకటి పెట్టారు తెలుసా?" అని మొదలుపెట్టింది. వ్యాపారస్తులు తగవుపడితే జడ్జి దాకా పోకుండా ముందు ఒక మధ్యవర్తి దగ్గర కూర్చోబెడతారట. ఆ మధ్యవర్తి తీర్పు చెప్పడట, తీర్పు వాళ్ళ నోటితోనే చెప్పిస్తాడట. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రాకూడదట. తర్వాత ఒక్కొక్కరినే విడి గదిలోకి పిలిచి గుట్టు అడుగుతారట, ఆ గుట్టు రెండో వాడి చెవిన పడనివ్వరట. ఇదంతా నేర్పడానికి దానికి వారం రోజులు క్లాసులు కూడా పెట్టారట. అది చేతులు తిప్పుతూ చెబుతుంటే నాకు నవ్వాగలేదు. "కొత్తదా? నీ మొహం. మా కాలంలో గది లేదు, తువ్వాల ఉండేది. గది పని తువ్వాల చేసేది" అన్నాను. దానికి అర్థం కాలేదు. దానికి చెప్పడం మొదలుపెట్టాక నాకే ఒళ్ళు ఆగలేదు, లేచి నిలబడి చెప్పాను, ఆ పూట అన్నం చల్లారిపోయింది. అది పోయాక కూడా ఆ రోజు నా తల్లో తిరుగుతూనే ఉంది. మరిచిపోకముందే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చేసరికి తల సగం నెరిసింది, కాబట్టి రాత కొంచెం మోటుగానే ఉంటుంది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

అప్పుడు మాది మద్రాసు ప్రభుత్వం, జిల్లా కర్నూలు. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో ఊరు దాటగానే ఒక పలకల కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే పెద్ద కట్టడం అనుకునేరు, నాలుగు తాటాకు కొట్టాలు, ఒక బావి, అంతే. మా అమ్మ చెన్నమ్మ అక్కడ రాళ్ళు రుద్దే ఆడవాళ్ళకు పెద్ద. ఇరవైమందిమి ఉండేవాళ్ళం. నాకు పెళ్ళయి రెండేళ్ళు, మా ఆయన కురిచేడు దగ్గర రైలు పట్టాల గ్యాంగులో పని, పదిహేను రోజులకొకసారి కనపడేవాడు. అందుకని నేను అమ్మ దగ్గరే ఉండి కార్ఖానాకు పోయేదాన్ని. అమ్మ కోడి కూయకముందే లేచి జొన్న రొట్టెలు తట్టేది. ఆ తట్టే చప్పుడుకే మాకు మెలకువ. రొట్టెలో ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయ కారం పెట్టి గుడ్డలో మూట కట్టేది. ఎంత గట్టిగా కట్టినా మధ్యాహ్నం విప్పేసరికి రాతిపొడి దాంట్లోకి చేరేది. పళ్ళ కింద కరకరమనేది. "ఉప్పు ఎక్కువైందని వంక పెడతారు గానీ రాయి ఎక్కువైందని ఎవరూ అనరేందే" అనేది అమ్మ. కొట్టంలో తడిరాయి వాసన ఎట్లా ఉండేదంటే, వాన వాసన కాదు, బావిలోకి వంగి లోపలికి చూస్తే మొహానికి కొడుతుందే చల్లటి వాసన, అది. మా గోళ్ళు, మా ముంగురులు, మా చీర కుచ్చిళ్ళు అన్నీ బూడిదరంగే. పండగనాడు తలంటుకుంటే తప్ప మా అసలు రంగు మాకు తెలిసేది కాదు.

ఆ కార్ఖానాకు ఇద్దరు యజమానులు. రాయి వీరయ్యది. ఆయన గనిలోంచి దిమ్మెలు తెప్పించి, ఉలులతో పొరలు పొరలుగా చీల్పించి మాకు ఇచ్చేవాడు. మేము వాటిని ఇసుకతో, నీళ్ళతో నునుపుగా రుద్దేవాళ్ళం. కట్టె ఖాసిం సాయిబుది. పలక చుట్టూ చెక్క చట్రం ఉంటుంది కదా, ఆ చట్రాలు చేసి బిగించే వడ్లవాళ్ళు ఆయన మనుషులు. బిగించిన పలకలను గడ్డి వేసి పెట్టెల్లో సర్దితే బండ్ల మీద రైలుకు పోయి మద్రాసు చేరేవి. వీరయ్య ఎత్తు మనిషి, కోపం ముక్కు మీద. సాయిబుది సన్నటి గొంతు, కోపం కడుపులో. పదేళ్ళు ఒక్క మాట మీద నడిచారు. సాయిబు ఇంట్లో రంజాను నాడు చేసే సేమ్యా గిన్నె వీరయ్య ఇంటికి రావలసిందే, వీరయ్య తోటలో మొదటి చింతకాయ సాయిబు ఇంటికి పోవలసిందే.

మా పని గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఉంది. మేము రుద్దిన పలకల్ని చట్రం బిగించే ముందు సాయిబు మేస్త్రి వెలుతురుకు పట్టి చూసేవాడు. గోటి గీతంత తెల్లటి చార కనిపించినా పక్కన పారేసేవాడు. పారేసినదానికి మాకు కూలి లేదు. పొద్దంతా నడుములు పడిపోయేట్టు రుద్దితే, పదింటిలో మూడు పోయేవి. దీనికి మా అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ఎండిన పలక బూడిదరంగులో ఉంటుంది, చార కనిపిస్తుంది. తడి పలక కాటుకలా నల్లగా మెరుస్తుంది, చార కనపడదు. అందుకని మేస్త్రి ముందు పెట్టే ముందు తడిగుడ్డతో ఒక తుడుపు తుడిచేవాళ్ళం. మేస్త్రి "శభాష్" అనేవాడు. పలక తడితోనే వడ్లవాడి చేతికి పోయేది, తడితోనే చట్రంలోకి పోయేది. దీన్ని మోసం అనుకోలేదు మేము. పొట్టకోసం వేసిన వేషం అనుకున్నాం. ఇవాళ కూడా నేను దాన్ని పెద్ద పాపం అని అనను.

ఒక ఏడాది ఎండలు ముదరకముందే మద్రాసు నుంచి పెట్టెలకు పెట్టెలు వెనక్కి వచ్చాయి. బడులు తెరిచే వేళకు పలకలు ఊళ్ళన్నీ చేరాలి, అదే మాకు పంట కాలం లాంటిది. పెట్టె మూత తీసేసరికి గడ్డిలో అన్నీ మూలల దగ్గర పగిలిన పలకలే. వీరయ్య ఒక పలక పైకెత్తి చూశాడు. చట్రం మెలి తిరిగి ఉంది.

"చూసినావా సాయిబూ? పచ్చికట్టె బిగించినావు. కట్టె మెలి తిరిగింది, రాయి తిరుగుతాదా? పగిలింది."

"నా కట్టె పదేళ్ళుగా మెలి తిరగలేదు వీరయ్యన్నా. నీ రాయే కుళ్ళింది. గని మీద పొర గీకి పంపుతాండావు."

"నా రాయి కుళ్ళిందా? నీ నోరు కుళ్ళింది!"

"ఆ మాట కోర్టులో అందువు గానీ పా."

"పోదాం పా. కర్నూలు దాకా పోదాం."

ఆ సాయంత్రమే కొట్టాలకు తాళం పడింది. ఇద్దరూ చెరో వకీలును పట్టుకున్నారు. ఇటు వైపు వకీలు పలక చేత్తో పట్టుకుని "రాయి పగిలింది కాబట్టి రాయిదే తప్పు" అన్నాడట, అటు వైపు వకీలు అదే పలక పట్టుకుని "కట్టె వంగింది కాబట్టి కట్టెదే తప్పు" అన్నాడట. మాకేమో పని పోయింది. ఆ ఏడు వానలు లేవు, చేలల్లో కలుపు కూడా మొలవలేదు, ఇక కూలెక్కడిది? మా పక్కింటి ఆవిడ హనుమంతునిపాడులో చుట్టాల ఇంటికి మేకలు కాయడానికి పోయింది. అమ్మ రొట్టెల్ని పలచగా తట్టడం మొదలుపెట్టింది. అట్లా పలచబడుతూ పలచబడుతూ ఒకరోజు రొట్టెలోంచి పొయ్యి మంట కనిపించింది.

ఇక్కడే నా కంట ఒకటి పడింది. వెనక్కి వచ్చిన పెట్టెల్లో ఒక్క పెట్టె మాత్రం చెక్కు చెదరకుండా ఉంది, ఒక్క పలకా పగల్లేదు. మాకు చదువు రాదు కాబట్టి ఏ రోజు పెట్టె మీద ఆ రోజు గుర్తు బొగ్గుతో గీసేదాన్ని నేను. ఈ పెట్టె మీద కోడికాలు గుర్తు ఉంది. కోడికాలు గీసిన రోజు నాకు బాగా జ్ఞాపకం. ఆ పొద్దున చేంతాడు తెగి బొక్కెన బావిలో పడిపోయింది. ముందు రోజు రుద్దినవే మేస్త్రికి చూపించాం, తుడవడానికి నీళ్ళు లేక గోనెపట్టాతో ఎండుగా తుడిచాం. చారలకు ఆరోజు ఎన్నో పోయాయి కూడా. నాకు ఒక్కసారిగా వెలిగింది. తడి పలక చట్రం గాడిలోకి పోతే కట్టె ఆ నీళ్ళు తాగుతుంది, ఉబ్బుతుంది. రైలు పెట్టె వేడికి ఎండి మెలి తిరుగుతుంది. రాయి పగులుతుంది. గబగబా ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"నోరు ముయ్యి నారమ్మా. ఈ మాట బయటికి పోయిందంటే వాళ్ళిద్దరూ ఒకటవుతారు, మనం ఇరవైమందిమి రోడ్డు మీద పడతాం. పిల్లి పొయ్యిలో పండుకుంటాది."

"ఇప్పుడేం పొయ్యి మండుతోందా?"

"మండకపోతే మండకపోయె. దొంగలని పేరు రాలా ఇంకా."

నేను నోరు మూసుకున్నాను. కానీ మింగుడు పడలేదు. చెబితే అమ్మ తల వంచుకోవాలి, చెప్పకపోతే తాళం తెరుచుకోదు. ఒకవేళ తెరుచుకున్నా పలకలు పగలడం ఆగదు.

ఈలోపల మా తర్లుపాడు కొండయ్య తాత సంగతి వచ్చింది. కొండయ్య తాత పశువుల సంతలో దళారి. చూడ్డానికి చింతబరికెలా ఉండేవాడు, భుజం మీద ఎర్ర తువ్వాల ఎప్పుడూ దిగేది కాదు. సంతలో ఎద్దుల బేరం నోటితో చెప్పరు. దళారి తువ్వాల పరిచి దాని కింద చెయ్యి పెడతాడు. అమ్మేవాడు చెయ్యి దూర్చి దళారి వేళ్ళు నొక్కి తన ధర చెబుతాడు. తర్వాత కొనేవాడు దూర్చి తన మాట చెబుతాడు. చుట్టూ యాభైమంది నోళ్ళు తెరుచుకుని చూసినా లోపల ఏం నడిచిందో ఎవరికీ తెలియదు. ఎవడూ పదిమందిలో పరువు పోగొట్టుకోకుండా దిగొచ్చే దారి అది. తువ్వాల కింద అబద్ధం చెప్పిన దళారి చెయ్యి మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. కొండయ్య తాత చెయ్యి అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నమ్మకం.

వీరయ్య ఆయన దగ్గరికి పోయి, నేను నిజాయితీ మనిషినని కోర్టులో సాక్ష్యం చెప్పు మామా అన్నాడట. మర్నాడే సాయిబు కూడా పోయి అదే మాట అడిగాడట. తాత ఇద్దరినీ పిలిపించి, "ఇద్దరూ నిజాయితీ మనుషులే అని సాక్ష్యం చెబితే ఇద్దరు వకీళ్ళూ కలిసి నన్ను తంతారు. కోర్టుకు పోయేముందు నాకొక్క పూట ఇయ్యండి. తీర్పు నేను చెప్పను. చెప్పేదేందన్నా ఉంటే మీరే చెప్పుకుంటారు" అన్నాడు. వాళ్ళు ఊ అన్నారు. అయితే తాత ఒక షరతు పెట్టాడు. పలకను ముట్టుకున్న ప్రతి చెయ్యీ ఆ పూట అక్కడ ఉండాలి. ఉలివాళ్ళు, వడ్లవాళ్ళు, బండివాళ్ళు, రుద్దే ఆడవాళ్ళు, అందరూ. "ఆడోళ్ళు ఎందుకు మామా?" అని వీరయ్య విసుక్కుంటే, "పలక ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంటాదిరా?" అన్నాడట.

అబ్బ, ఆ పొద్దు! ఇప్పటికీ తలుచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేను. ఎన్ని వారాల తర్వాతో కొట్టాల తాళం తీశారు. తిరునాళ్ళకు పోయినట్టు పోయాం, తలలు దువ్వుకుని, ఉతికిన చీరలు కట్టుకుని. తాత ముందుగానే వచ్చి కొట్టాలన్నీ ఒక చుట్టు చుట్టాడు. నీళ్ళ తొట్టి చూశాడు, చట్రాల గాడులు వేలితో తడిమాడు, చట్రాలు బిగించే చోట తీగె మీద ఎప్పటివో ఎండి బిగుసుకుపోయిన మా గుడ్డలు చూశాడు. అందరూ చేరాక వీరయ్యను కట్టె కుప్ప మీద కూర్చోమన్నాడు, సాయిబును రాళ్ళ కుప్ప మీద కూర్చోమన్నాడు. "ఎవరి కుప్ప వాళ్ళకు మెత్తగానే ఉంటాది, అటు మారండి" అన్నాడు. సాయిబు రాళ్ళ మీద అటూ ఇటూ కదిలి అవస్థ పడుతుంటే వీరయ్య మీసం కింద నవ్వాడు. మరుక్షణం చెక్క చీలిక గుచ్చుకుని ఎగిరి లేచాడు. మేమంతా కిసుక్కున నవ్వాం. అంతలోనే గాలి కొంచెం చల్లబడింది.

తర్వాత తాత సంచిలోంచి తమలపాకులు తీశాడు. ఒకరు మాట్లాడేటప్పుడు రెండో వాడి నోట్లో పెద్ద ఆకు చుట్ట కుక్కాడు. "నోట్లో ఆకున్నంతసేపు మాట్లాడితే మర్యాద కాదు. నీ వంతు వచ్చినప్పుడు ఊసి మాట్లాడు." సాయిబు చెబుతున్నంతసేపూ వీరయ్య బుగ్గలు ఉబ్బించుకుని, ఎర్రటి నోటితో గుడ్లురుముతూ కూర్చున్నాడు. మధ్యలో తట్టుకోలేక "అద్దీ... అద్దం..." అని ఏదో అన్నాడు, రసం గడ్డం మీదికి కారింది. "మింగు, మింగు, మాట కూడా మింగు" అన్నాడు తాత. అట్లా ఒకరి తర్వాత ఒకరు కడుపులో ఉన్నదంతా కక్కేశారు. కక్కినవాటిలో పలకల కంటే వేరే సంగతులే ఎక్కువ. కూతురి పెళ్ళికి పిలవడానికి సాయిబు తాను రాకుండా తమ్ముణ్ణి పంపాడని వీరయ్యకు కష్టం. గని దగ్గర కూలీల ముందు "కట్టెలోడు" అన్నాడని సాయిబుకు కష్టం. పదేళ్ళ స్నేహంలో పేరుకున్న పొడి ఎంత ఉందో అప్పుడు చూశాం.

అప్పుడు తాత తువ్వాల తీసి దులిపి మోకాళ్ళ మీద పరిచాడు. అందరం మెడలు చాచాం.

"ఇది ఎద్దుల బేరం కాదు, తప్పు బేరం" అన్నాడు తాత. "జరిగిన తప్పు మొత్తం అయిదు పాళ్ళనుకోండి, నా చేతి వేళ్ళన్ని. దాంట్లో నీ పాళ్ళు ఎన్నో నువ్వే నొక్కు. ఎదుటోడివి నాకొద్దు. ఎవరెన్ని నొక్కింది నాతోనే మట్టిలోకి పోతాది."

వీరయ్య వచ్చి చెయ్యి దూర్చాడు. పైకి, కొట్టం కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు మొహం కందిపోయి ఉంది. తర్వాత సాయిబు వచ్చి కళ్ళు మూసుకుని చెయ్యి దూర్చాడు, పెదాలు కదిలాయి, వెనక్కి పోయి ఈసారి రాళ్ళ మీద కదలకుండా కూర్చున్నాడు. తాత తువ్వాల కింద నుంచి చెయ్యి తీయలేదు. మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు.

"నాలుగు వచ్చినాయి" అన్నాడు. "ఒక వేలు తక్కువ."

వీరయ్య సాయిబు వైపు గుర్రుమని చూశాడు. "నన్నేంది చూస్తావు?" అన్నాడు సాయిబు.

"ఆకులింకా ఉన్నాయి నా కాడ. నోళ్ళు నింపమంటారా?" అన్నాడు తాత. "ఒక్క పాలు యాడో ఉంది. అది దొరికితే పలకలు పగలవు. దొరక్కపోతే వీళ్ళిద్దరూ కావిలించుకున్నా పగుల్తానే ఉంటాయి. నా చెయ్యి ఈడనే ఉంటాది."

అమ్మ నా కొంగు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. కొంగు వదిలించుకున్నానో, చిరిగిందో నాకు తెలియదు, లేచాను. అంతమంది మగవాళ్ళ మధ్యలో నడిచిపోయి ఆ ఎర్ర తువ్వాల కింద చెయ్యి పెట్టాను. తాత అరచెయ్యి పగ్గాలు పట్టి పట్టి ఎండిన తోలులా ఉంది. ఒక్క వేలు నొక్కాను.

"అయిదు" అన్నాడు తాత మెల్లగా.

"అది కాదు!" అని వెనక నుంచి కేక. అమ్మ. దారిలో ఉన్నవాళ్ళను తోసుకుంటూ వచ్చి, గంపకింద కోడిని పట్టినట్టు తువ్వాల కింద చెయ్యి దూర్చి నా చేతిని బయటికి లాగేసింది. "దాని వేలు తీసెయ్ తాతా. చిన్నది, చెప్పిన పని చేసింది. తడిగుడ్డ పెట్టమన్నది నేను. ఇదిగో నాది."

తాత నవ్వడం మొదలుపెట్టాడు. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. "ఆరు! తప్పు అయిదు పాళ్ళు, ఒప్పుకున్నది ఆరు పాళ్ళు. నా బతుకులో అడిగినదానికంటే ఎక్కువిచ్చిన బేరం ఇదొక్కటే. బేరం తెగింది!"

తెగడమైతే తెగింది గానీ గోల అప్పుడే మొదలైంది. తడిగుడ్డ సంగతి అమ్మ విడమరిచి చెప్పేసరికి సాయిబు లేచి నిలబడ్డాడు. "నా చట్రాలకు నీళ్ళు తాపినావా చెన్నక్కా!"

"తాపినా. గోటి గీతకు పలక పారేస్తాడు నీ మేస్త్రి. బడి పిల్లోడు మొదటి రోజే దాని మీద వెయ్యి గీతలు గీస్తాడు గదా, నీ మేస్త్రి ఒక్కటి ఓర్చుకోలేడు. పారేసిన రాయి తిని బతకమంటావా మమ్మల్ని?"

సాయిబు తన మేస్త్రి వైపు తిరిగి చూశాడు. అప్పుడు వీరయ్యే, ఎవరూ అడక్కుండా, గనిలో నీళ్ళు ఊరి కింది పొరకు దిగలేక పైపొర రాయి కలిపిన మాట నిజమేనన్నాడు. సాయిబు నేల చూస్తూ, తొందరలో రెండు బండ్ల కట్టె ఎండకముందే కోయించానన్నాడు. చూశారా, పచ్చికట్టె ఒకటి, మెత్తరాయి ఒకటి, దాని మీద మా తడిగుడ్డ. మూడూ కలిస్తే గానీ ఆ పలక పగల్లేదు. వకీళ్ళు మూడోదాన్ని కనిపెట్టేవాళ్ళా? జన్మలో లేదు. వాళ్ళకు ఇద్దరే కక్షిదారులు.

కాగితం ఏమీ రాసుకోలేదు. రుద్దిన పలకను నీడలో నులకమంచాల మీద ఒక రోజంతా ఆరబెట్టాలి. చార ఉన్నదాన్ని పారేయకుండా రెండో రకం కింద కట్టాలి, దానికీ కూలి ఇవ్వాలి. కట్టె కోసిన తేదీ కుప్ప మీద గుర్తు వేయాలి. ఆ మాటలన్నీ అక్కడున్నవాళ్ళే, తలా ఒకటి, అరుచుకుంటూ చెప్పారు. తాత ఒక్కటీ చెప్పలేదు. చివర్లో వీరయ్య, సాయిబు ఆకువక్క మార్చుకున్నారు. ఈసారి నమిలింది మాట ఆపడానికి కాదు.

ఇంటికి పోయేటప్పుడు అమ్మ నాకంటే పది అడుగులు ముందు నడిచింది. నాతో మాట్లాడదేమో అనుకున్నాను. మా వీధి మలుపు తిరిగాక ఆగింది. వెనక్కి తిరిగి, "ఇంకొకసారి నాకంటే ముందు లేచినావంటే కాళ్ళు ఇరగ్గొడతా" అంది. అంతే. పోయి పొయ్యి ముట్టించింది.

మనవరాలికి ఇదంతా చెప్పాక దాన్ని ఒక మాట అడిగాను. మీ గదిలో ఎవరెవరు కూర్చుంటారే అని. ఒప్పందం మీద సంతకాలు పెట్టినవాళ్ళు, వాళ్ళ వకీళ్ళు అంది. రుద్దేవాళ్ళో మరి? వాళ్ళు కేసులో ఉండరు అంది. అయితే సగం తగవు మీ గది బయటే నిలబడి ఉంటుంది అన్నాను. అది పెన్ను తీసి రాసుకుంది. అట్లని పాతకాలం అంతా బంగారం అని చెప్పేదాన్ని కాదు నేను. ఆ రోజుల్లో పెద్దమనుషులు కూర్చున్న చావిళ్ళు ఎన్నో చూశాను. ముందే ఎవరి వైపో నిర్ణయించుకుని మీసాలు దువ్వేవాళ్ళు, ఆడదాన్ని పిలిస్తే తిట్టడానికే పిలిచేవాళ్ళు. వాటితో పోలిస్తే ఇప్పటి గది వెయ్యి రెట్లు నయం, ఫ్యాను కూడా ఉంటుందట. కొండయ్య తాత లాంటివాడు అప్పుడూ ఒక్కడే. కానీ ఆ ఒక్కడు చేసి చూపించింది నేను కళ్ళారా చూశాను, అందుకే నాకీ పద్ధతి అంటే ఇంత సంబరం.

ఒక్క సంగతి మాత్రం మనవరాలికి చెప్పలేదు. చెబితే అది తప్పు పడుతుంది, దాని క్లాసుల ప్రకారం. ఆ ఏడు నుంచే తాత సంతకు పోవడం మానేశాడు. కళ్ళు మసకలు వచ్చాయని మేమంతా అనుకున్నాం. మూడేళ్ళ తర్వాత ఎవరిదో బండి మీద మార్కాపురం పోతూ మా ఇంటి ముందు దిగి మజ్జిగ అడిగాడు. తాగి, ముంత నా చేతికిస్తూ, "ఆ పొద్దు వాళ్ళిద్దరూ నొక్కింది అయిదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "నాలుగన్నావు గదా తాతా?"

"అయిదు. ఎవరెన్ని అనేది అడగొద్దు, చెప్పను. అయిదు నిండినాయి. అయిదని చెప్పి లేచిపోతే వాళ్ళు ఆ పొద్దే ఒకటైపోయేటోళ్ళు. తీగె మీద మీ గుడ్డలు చూసినా. రుద్దేకాడ నీళ్ళుంటే సరే, చట్రం బిగించేకాడ తడిగుడ్డ పనేందని అనుకున్నా. అందుకే నాలుగని అబద్ధం చెప్పినా." తువ్వాల సర్దుకున్నాడు. "దాని తర్వాత సంతలో చెయ్యి పెట్టబుద్ధి కాలా. పోయొస్తా తల్లీ."

బండి కదిలింది. పరుగెత్తినట్టే కార్ఖానాకు పోయాను. అమ్మ మంచాల దగ్గర ఆరిన పలకలు చూస్తోంది. ఒక్కొక్కటీ చెంపకు ఆనించి, తడి లేదనుకున్నాకే వడ్లవాళ్ళ వైపు పెడుతోంది. ఒక చెంప ఎప్పుడూ బూడిదరంగులో ఉండేది అప్పట్లో. తాత చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అమ్మ చేతిలో పలక అట్లాగే ఉంది.

"అయితే మనం లేవకపోయినా ఆ పూట గడిచిపోయేదా?" అంది.

"గడిచేది."

"మన పేరు రాకుండానే?"

"రాకుండానే."

అమ్మ చేతిలోని పలకను చెంపకు ఆనించింది, ఇంకొంచెం చల్లగా ఉన్నట్టుంది, తీసి మళ్ళీ మంచం మీద పెట్టింది.

"గడిచేదేలే. పలకలు మళ్ళా పగిలేవి" అంది, ఇంకొకటి చేతిలోకి తీసుకుంటూ.